అతుకు కనబడని కారు

మా సడ్డకుడు కారు మూతను రెండు వేళ్లతో పట్టుకొని పైకి లేపబోయాడు. అది రాలేదు. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున, కరీంనగర్‌లో మా ఇంటి ముందు గదిలో సంగతి ఇది. బొమ్మకార్లు కట్టే మా మిత్రులు అరడజను మంది కుర్చీల మీద, చాప మీద సర్దుకొని కూర్చున్నారు. టీ గ్లాసులు అప్పుడే చేతుల్లోకి వచ్చాయి. ఆయన బొటనవేలి గోటితో మూత అంచు కోసం మళ్లీ వెతికాడు. దొరకలేదు. దొరకకుండా ముందురోజు సాయంత్రం దాన్ని అతికించింది నేనే. ఆయన తలెత్తి నా వైపు చూశాడు. కోపంగా కాదు, కళ్ల ముందే బస్సు వెళ్లిపోయిన మనిషి ఖాళీ ప్లాట్‌ఫారం వైపు చూసినట్టు చూశాడు.

సడ్డకుడంటే నా భార్య చెల్లెలి భర్త. శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. నేను ఒక దినపత్రిక డెస్కు మీద జీవితం గడిపి ఇంట్లో కూర్చున్నవాణ్ణి. నాకంటే చిన్నవాడు కాబట్టి నన్ను అన్నా అంటాడు, చురక పెట్టాలనుకున్నప్పుడు పేపరాయనా అంటాడు. ఆయన మాటలు మొదటినుంచీ కాస్త పెద్దవి. పెద్ద సారు జీపు స్టార్ట్ కాకపోతే తాను పక్కన నిలబడి ఒక్క చూపు చూస్తే చాలు, స్టార్టయ్యేదట. మామిడికాయ తొక్కు కారం తన చేత్తో కలిపితేనే శ్రీరాంపూర్ కాలనీలో ఎవరైనా ముట్టుకునేవారట. మా మరదలు వింటూ వింటూ వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఈ గొప్పల్లో ఎన్ని నిజమో నేనెప్పుడూ తేల్చుకోలేదు. చేతిపని విషయంలో మాత్రం ఒక్క మాటా ఎక్కువ చెప్పడు.

ఈ పిచ్చి ఆయనకు పట్టింది బాయి దగ్గరి క్లబ్బు టీవీలో. అందరూ క్రికెట్ పెట్టమని అరుస్తుంటే, రిమోట్ ఎవరికీ ఇవ్వకుండా ఒక కార్ల రేసు చూశాడట. నాలుగు చక్రాలు ఒంటికి దూరంగా బయటికి పొడుచుకొచ్చి, సన్నటి మూతితో, నడిపేవాడి తల మాత్రమే కనిపించే కార్లు. పక్కనున్న ఒకాయన, "మడ్‌గార్డులు లేవు, గొడుగు లేదు, వాన పడితె ఏం జేస్తరు వీళ్లు?" అన్నాడట. ఆ వాన సంగతి మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. తర్వాత ఒక ఎండాకాలం మేం శ్రీరాంపూర్ పోయినప్పుడు, వేపచెట్టు నీడన పేపరు చదువుతున్న నా చేతిలో ఆయన ఒక ప్లాస్టిక్ ముక్క, గరుకు కాగితం పెట్టాడు. "ఊకె కూసునుడేంది అన్నా, గీ కారు రెక్కను జర నున్నగ గీకు." గీకాను. సాయంత్రానికి దాని మీద నా మొహం నీడ కనిపించింది. ఆ తర్వాత పేపరు ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఇవి పిల్లలు తోసి ఆడుకునే కార్లు కావు. ఒక అట్టడబ్బాలో, ప్లాస్టిక్ చట్రాలకు, చింతరెమ్మకు ఆకుల్లా చిన్న చిన్న భాగాలు అంటుకొని వస్తాయి. వాటిని కోసి, గీకి, అతికించి, రంగులేస్తే జానెడు పొడవున అసలు కారుకు నకలు తయారవుతుంది. నెలలు పడుతుంది. నా భార్య దీన్ని "ఇద్దరు ముసలోళ్ల బొమ్మలాట" అంటుంది, ఇల్లంతా వచ్చే రంగు వాసనకు కిటికీలు తెరుస్తూ.

మా మిత్రుల మధ్య ఏళ్ల తరబడి నడుస్తున్న ముచ్చట ఒక్కటే. ఈ మడ్‌గార్డులు లేని కార్ల డబ్బాలు చాలవు. అంగట్లో చూస్తే యుద్ధ ట్యాంకులు, విమానాలు కుప్పలు. మేం టీవీలో చూసి మనసుపడ్డ రేసు కార్లు మాత్రం కంపెనీవాళ్లు ఒకసారి తీసి, మళ్లీ తియ్యరు. అందుకని అందరి తరఫున ఆ విదేశీ కంపెనీలకు విన్నపాలు రాసే పని నామీద పడింది, పేపర్లో చేసినవాణ్ణని. నా సంపాదకీయాలకు ప్రభుత్వం ఎంత కదిలిందో ఈ విన్నపాలకు కంపెనీలూ అంతే కదిలాయి.

దొరకడమే అరుదు కాబట్టి మేమిద్దరం ఒక్క డబ్బానే కలిసి కడతాం. ఇంజను, లోపలి పనంతా ఆయనది. పైన ఒళ్లు, రంగు, దాని మీద అంటించే బొమ్మలు నావి. భాగాలు స్టీలు టిఫిను డబ్బాలో దూది మధ్య పడుకొని, పెద్దపల్లి మీదుగా బస్సులో అటూ ఇటూ ప్రయాణం చేస్తాయి. ఒకసారి కండక్టరు డబ్బా వాసన చూసి, "ఏం కూర సార్, గింత ఘాటుగున్నది?" అన్నాడు.

ఈసారి కారు అన్నిటికన్నా అరుదైనది. ఒక్కటే దొరికింది. అదీ కాక, మా సడ్డకుడి కళ్లకు షుగరు ఎక్కింది. ఎడమ కన్ను మసక. కుడి కంటిని నిలుపుకోవడానికి కరీంనగర్ వచ్చి సూదులు వేయించుకుంటున్నాడు. సూదికీ సూదికీ మధ్య, చూపు కాస్త తేటగా ఉన్న రోజుల్లో ఆ ఇంజను కట్టాడు. డబ్బాలో వచ్చిన దానితో ఊరుకోలేదు. మిగిలిన ప్లాస్టిక్ చట్రాన్ని కొవ్వొత్తి సెగకు చూపించి, రెండు కొసలూ పట్టుకొని లాగితే వెంట్రుకంత సన్నటి పోగు వస్తుంది. అట్లా పోగులు తీసి, అసలు ఇంజను మీద వైర్లు, గొట్టాలు ఎక్కడ ఉంటాయో అక్కడ ఒక్కొక్కటీ పెట్టాడు. తాత, తండ్రి మగ్గం మీద బతికినవాళ్లు. వాటిని ఆయన పోగులనే అంటాడు, తీగలు అంటే ఒప్పుకోడు.

ఫోటో తియ్యమంటే తియ్యలేదు. "ఫోటోల అందరియి ఒక్క తీర్గనే కనబడ్తయి అన్నా. అందరు కూసున్నంక మూత ఎత్తి చూపియ్యాలె. గింత సన్నపు పని ఇగ నాతోని కాదు, గిదే ఆఖరు" అన్నాడు. ఆఖరు అన్న మాట మామూలుగా, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. అట్లా ఆ ఇంజనును చూసింది ఆయన, నేను, ఇద్దరమే.

శనివారం సాయంత్రం, ఆయన ఇంకా ఊరి నుంచి రాకముందు, కారును బల్ల మీద పెట్టుకొని చూస్తే, మూత పూర్తిగా కూర్చోవడం లేదు. పోగుల ఎత్తుకు ఒక పక్క సన్నని సందు. ఎర్ర రంగు, తెల్ల గీత, నేను వారాలు కష్టపడ్డ ఒళ్లు, దాని మీద ఈ సందు పంటికింద రాయిలా ఉంది. డెస్కు మీద నా పని ఏళ్లపాటు ఒకటే. పేజీలో పట్టనిదాన్ని పట్టించడం. ఖానాపూర్ విలేకరి వానకు తడిసి పంపిన వార్తలో చివరి పేరా కోసేటప్పుడు, దానికోసం అతను ఎంత దూరం నడిచాడో నేనెన్నడూ అడగలేదు. పేజీ సమంగా కనిపిస్తే చాలు. ఆ చెయ్యే ఇప్పుడూ పనిచేసింది. మూతను నొక్కిపట్టి, అంచు వెంట కుంచెతో ద్రావకం పోనిచ్చాను. అది గోందు, బంక లాంటిది కాదు. ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలను ఒక్కటి చేస్తుంది. ఆరిన తర్వాత గీకి, రంగు సరిచేశాను. సందు పోయింది. తృప్తిగా అన్నం తిన్నాను. ఇంజను సంగతి నాకు తట్టలేదని చెబితే ఎవరూ నమ్మరు, కానీ తట్టలేదు. మరునాడు ఆయన చెయ్యి మూత మీదికి పోయినప్పుడే తట్టింది.

"ఏమైంది? ఇంజన్ పెట్టుడు మర్చిపోయినవా?" అన్నాడు మా గుంపులోని డ్రాయింగ్ సారు. నేను నోరు తెరిచాను. అంతలో మా సడ్డకుడు కారును మెల్లగా బల్ల మీద దించాడు.

"నేనే అతికియ్యమన్న. మాటిమాటికి మూత తీసుడు, పెట్టుడు చేస్తె రంగు లేస్తది."

"మరి ఇంజన్ ఉన్నదని ఎట్ల నమ్మాలె? మూడు నెలల సంది దాని ముచ్చటనే చెప్తివి గద."

"నమ్మకుంటె మానెయ్. చేతిల పట్టుకొని చూడు, బరువు తెలుస్తది."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. జన్మంతా ఉన్నదానికి నాలుగింతలు చెప్పిన మనిషి, నిజంగా చెప్పుకోదగ్గది చేతిలో ఉన్న రోజు, నాకోసం దాన్ని మింగేశాడు. నేను తెరిచిన నోటిని టీతో మూశాను.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ నా భార్య అడిగింది. "ఏం మరిదీ, ఇంజన్ చూపిస్తనంటివి, ఏమన్నరు?"

"చూపించిన వదినె. మస్తు మెచ్చుకున్నరు. జర పప్పెయ్యి."

బస్టాండులో దింపేటప్పుడు, తప్పయింది తమ్మీ అన్నాను. "గా సందు నా పోగులతోనే వచ్చెగదనే. ఇడిసిపెట్టు" అన్నాడు. బస్సెక్కి కిటికీలోంచి మళ్లీ వంగి, "అతుకు మాత్రం మంచిగ పెట్టినవ్ పేపరాయనా. నా గోటికి గూడ దొరకలే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు ఉండబట్టలేక మిత్రుల ఫోన్ గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను. మూత అతికించింది నేను, ఆయన చెప్పలేదు, లోపలి ఇంజను లాంటిది నేనెక్కడా చూడలేదు అని. డ్రాయింగ్ సారు జవాబిచ్చాడు. "సడ్డకుని ఇజ్జత్ కాపాడుడంటే గిదీ. పెద్దమనిషివి సార్ నువ్వు." వరసగా అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. చివర మా సడ్డకుడు, "మా అన్న గట్లనే అంటడు, మీరు ఫికర్ జెయ్యకుండ్రి" అని రాశాడు. ఇంజను లేదన్న నమ్మకం వాళ్లలో అట్లా గట్టిపడింది. నేను చెప్పిన నిజమే దాన్ని గట్టిపరిచింది.

సన్నటి బ్లేడుతో అతుకు వెంట కొయ్యడానికి కూర్చున్నాను. మూత కిర్రుమంది, ఆగిపోయాను. మూత పగిలితే మరొకటి దొరకదు. ఫోన్ చేసి అడిగితే ఆయన, "కొత్త డబ్బా దొరికినంక కొయ్యి అన్నా. గప్పటిదాక ముట్టకు" అన్నాడు. కంపెనీకి మళ్లీ రాశాను. ఈసారి అందరి తరఫున కాదు, నా తరఫునే, ఒక్క డబ్బా కోసం. ఆ కారును తిరిగి తీసుకొచ్చే ఆలోచన ప్రస్తుతానికి లేదని జవాబు వచ్చింది. డెస్కు మీద ఉండగా ఈ 'ప్రస్తుతానికి' అన్న మాటను చోటు కలిసొస్తుందని కొట్టేసేవాణ్ణి. ఇప్పుడు ఆ ఉత్తరంలో నాకు పనికొచ్చే మాట అదొక్కటే. వచ్చే నెల ఆయనకు మళ్లీ సూది ఉంది. కుడి కన్ను ఎన్నాళ్లు నిలుస్తుందో డాక్టరు చెప్పడం లేదు. నేను పోసిన ద్రావకం అంచు దగ్గరే ఆగిందో, లోపలికి దిగి ఆ పోగులను కరిగించిందో, ఇంతవరకు మా ఇద్దరికీ తెలియదు.