అత్త కడిగిన బాటిల్

నాకు ముక్కు మీద కోపం. నీళ్ల శాంపిళ్లు తీసేవాడికి అది బొత్తిగా పనికిరాదు. చెరువు గట్టున పెట్టె తెరవగానే జనం మూగుతారు. "దాదా, జల్ భాలో?" అని, నీళ్లు మంచివేనా అని పదిమంది పదిసార్లు అడుగుతారు. చూడగానే చెప్పగలిగితే ఈ బాటిళ్లన్నీ మోసుకుని ఎందుకు తిరుగుతాను అని కసిరేవాణ్ణి. నాది ఖరగ్‌పూర్‌లో ఒక ప్రైవేటు ల్యాబులో పని. చుట్టుపక్కల చెరువులు, బోర్లు, కాలువలు తిరిగి నీళ్లు పట్టుకురావాలి. మా తాత, నాన్న ఇద్దరూ రైల్వే వర్క్‌షాపు మనుషులు. మా తెలుగువాళ్లుండే రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో నన్ను మాత్రం "ఏరా నీళ్లబాబూ" అని ఏడిపించేవారు.

మా మేనత్త సాలువా పోలీసు క్యాంపు దగ్గర ఒక పల్లెలో ఉండేది. మావయ్య రిటైరయ్యాక అక్కడ రెండు గదులు వేసుకున్నారు. ఆయన పోయినా ఆమె కదల్లేదు, బాతుల్ని పెంచుకుంటూ ఉండిపోయింది. ఆ పల్లె చివర, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఒకటి వెలిసింది. ఒక ఎండాకాలం అత్త బాతులు వరసపెట్టి చచ్చిపోయాయి. ఊరు గోల చేస్తే, ఆమె గుమ్మం ముందున్న చేతిబోరు పరీక్షించే పని మా ల్యాబుకి వచ్చింది. ఫలితం తేలేదాకా ఆ నీళ్లు తాగొద్దన్నారు. పక్కింటి బెంగాలీ కోడలు నాలుగో నెల కడుపుతో క్యాంపు రోడ్డు కుళాయి దాకా నడిచి బిందె మోసుకొచ్చేది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మామూలు బాటిళ్లను పట్టబోయే నీళ్లతోనే మూడుసార్లు కడిగి నింపుతాం. లోహాల పరీక్షకు ఇచ్చే బాటిల్‌ని మాత్రం కడగకూడదు. దాని అడుగున కాస్త యాసిడ్ వేసి పంపుతారు. అది లేకపోతే నీళ్లలోని సీసం ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది, పరీక్షలో తక్కువగా కనిపిస్తుంది.

నేను అరుగు మీద కూర్చుని చీటీలు రాస్తున్నాను. అత్త ఊరికే ఉంటుందా? మావాళ్ల ఇళ్లలో కడక్కుండా గ్లాసులో కూడా నీళ్లు పట్టరు. తలెత్తి చూసేసరికి, ఆ లోహాల బాటిల్‌నే బోరు కింద మూడోసారి గిలక్కొట్టి పారబోస్తోంది.

"అడుగున ఏదో మడ్డి ఉందిరా. కడక్కండా పట్టేద్దామనే? మీ అమ్మ నీకిదే నేర్పినాదేటి?" అంది.

పెట్టెలో అలాంటి బాటిల్ ఇంకోటి లేదు. ల్యాబుకి వెళ్లి మళ్లీ రావాలి, సూపర్‌వైజర్ చేత చీవాట్లు తినాలి. ఊరందరి మీదా లేచే నోరు ఆ రోజు పెగల్లేదు. ఆ బాటిలే నింపాను. ఫారంలో "యాసిడ్ ఉందా?" అన్న గడిలో టిక్కు పెట్టాను. సిగ్గు లేకుండా పెట్టాను. ఆ టిక్కు చూసి ల్యాబులో ఎవరూ యాసిడ్ ఉందో లేదో మళ్లీ చూడలేదు.

ఫలితం వచ్చింది. సీసం హద్దులోనే ఉందట. అత్త ఆ కాగితం పట్టుకుని గుమ్మంగుమ్మం తిరిగింది. మా మేనల్లుడే చేసిన పరీక్ష అని చెప్పుకుంది. పక్కింటి పిల్ల నమ్మనంటే, ఎదురుగా గ్లాసుడు తాగి చూపించిందట. అది నాకు ఫోన్‌లో చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. వెధవని.

వానలు వెళ్లాక ఆ బోరు నీళ్లు పట్టడానికి మళ్లీ నా వంతు వచ్చింది. ఈసారి బాటిల్ ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఫలితంలో సీసం హద్దుకు ఎన్నో రెట్లుంది. తాగేందుకే కాదు, పాత్రలు కడిగేందుకు కూడా భయపడాల్సిన నీళ్లు అవి. అప్పటికే అత్తకు కడుపులో మెలిపెట్టే నొప్పి, మణికట్లలో పట్టు లేదు. గ్యాసు అనుకుంటూ వాము నములుతోంది. రక్తం పరీక్ష చేయిస్తే అందులోనూ సీసమే.

ఫోన్‌లో చెప్పే మాట కాదని వెళ్లాను. ఆమె మంచం మీద కూర్చుంది. అంతా చెప్పాను, బాటిల్ సంగతితో సహా.

"అంటే నేను కడగడం వల్లే తప్పు నెక్కొచ్చిందా?" అంది.

"కాదత్తా. నువ్వు కడగడం నేను చూశాను."

"సూసినావా?"

"చూశాను."

"మరెందుకు సెప్పలేదురా?"

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఆమె గోడ పట్టుకుని లేచింది, చెప్పులు వెతుక్కుంది. పక్కింట్లోంచి నెల నిండని పసిపాప ఏడుపు వినిపిస్తోంది.

"నువ్వు కూర్చో. ఆ అమ్మాయికి నేను వెళ్లి చెబుతాను," అన్నాను.

"నువ్వెవరివిరా దానికి? కాగితం నమ్మి తాగినాదా అది? నా మాట మీద తాగినాది. నేనే సెప్పాల."

ఒక్కో అడుగూ వేసుకుంటూ గుమ్మం దాటింది. "బౌమా" అని, బెంగాలీలో కోడలుపిల్లా అన్నట్టు పిలిచింది. ఆ పిల్ల పాపను భుజాన వేసుకుని, అత్తను చూసి నవ్వుతూ ఎదురొచ్చింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.