ఆ ఫైలుకు వరసలు తెలియవు

ఇట్ల దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి. పొద్దున మా కొత్త గొర్రెపిల్ల చెవికి నంబరు బిళ్ళ వేస్తుంటే పటకారు టక్కుమనింది. ఆ చప్పుడు వింటే చాలు, గిద్దలూరులో ఎరువుల అంగడి పైనున్న చిన్న గది, కుర్చీలోనే కాళ్ళు మడుచుకుని కంప్యూటరు ముందు కూర్చున్న కరుణక్క నా కళ్ళ ముందు మెదులుతుంది.

కరుణక్కది కొమరోలు పక్క పల్లె. అమ్మానాయనలు కూలికి పోయి చదివించినారు. పట్నంలో పనిచేసి వచ్చి, మా గొర్రెల పెంపకందార్ల సంఘానికి వెబ్ అప్లికేషన్ తయారు చేస్తుండె. ఏ గొర్రెకు ఏ సూది వేసినారు, ఎవరింట్లో ఏవి అమ్మకానికున్నాయి, ఎవరికి తొందరుంది, అన్నీ అందులో ఉండాల. నేను ఐదో తరగతితో బడి మానినదాన్ని. గది ఊడ్చేది, టీ పెట్టేది, బిళ్ళల నంబర్లు ఎక్కించేది నా పని. ఒకరోజు తెర నిండా కొక్కేల్లాంటి గుర్తులు చూసి, “ఇదేందక్కా, కంప నరికి పోసినట్లుంది?” అన్నాను. నవ్వింది. “దీన్ని ఎక్సెమ్మెల్ అంటారు నరసమ్మా. కొక్కేల మధ్య మాట ట్యాగు. ఏ గడి ఎక్కడుండాల, ఎవరు చూడాల, అంతా ఈ ఫైల్లో రాస్తే ఫ్రేమ్‌వర్క్ అనే చట్రం అది చదువుకొని పేజీ తయారు చేస్తుంది. ఒకటే నియమం. తెరిచిన ట్యాగు మూయాల. లోపలిది ముందు, బయటిది తర్వాత.” “ఓసింతేనా! మా దొడ్డి మాదిరే. గొర్రెపిల్లల గూడు మూసినాకే కదా పెద్ద తడిక మూసేది” అన్నాను. రెండు రోజులకు ఏదో పేజీ రాక ఆమె పొద్దుటి నుంచీ తల పట్టుకుంటే, టీ గ్లాసు పెడుతూ చూసినాను. “అక్కా, మూడో దొడ్డికి తడిక లేదు.” నిజంగానే లేదు. “నీకు ఇంగ్లీషు రాదు కదే!” “తడికలు చూసేదానికి ఇంగ్లీషెందుకు?” ఆ రోజు నుంచి ఆమె పక్కన నాకొక కుర్చీ పడింది.

ఆ కుర్చీని నేనే పోగొట్టుకోబోయినాను. ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. “నరసమ్మత్తా, బాగుండావా? కంభం నుంచి నీ అల్లుణ్ణి. కరుణక్క అడగమనింది, మీ గొర్రెల లెక్కల పాస్‌వర్డు కొంచెం చెప్పత్తా.” మన దిక్కు అందరమూ వరసలతోనే కదా పిలుచుకునేది. అత్తా అన్నవాణ్ణి నువ్వెవరని ఎట్లడిగేది? చెప్పేసినాను. తర్వాత తెలిసింది, వాడు గొర్రెల దళారి. మా సంఘంలోని ఓబులమ్మ వదిన, తన కొడుకు కాలి ఆపరేషన్‌కని మూడు గొర్రెలు తొందరగా అమ్మాలని అందులో రాయించింది. వాడు అది చూసి నేరుగా వాళ్ళ వాకిట్లో నిలబడి, “నీకు ఆగే వీల్లేదు గదా” అని అడ్డగోలు బేరం ఆడినాడు. ఆమె ఇవ్వకుండా సంఘానికి వచ్చి ఏడ్చి, ఆ మూడు నంబర్లూ తీయించేసింది. సంఘం పెద్దమనిషి రోశయ్య మామ లేచి, “నీ కంప్యూటరు మా గుట్టు బయట పెట్టింది కరుణమ్మా. ఇంక తీసేయ్” అన్నాడు. నోరు తెరిస్తే నా పని పోతుంది, మూస్తే అక్క రెండేళ్ళ కష్టం పోతుంది. లేచి జరిగింది చెప్పినాను.

“అత్తా అంటే తాళం ఇచ్చేస్తివా!” అని ఎవరో అన్నారు, అందరూ నవ్వినారు. కరుణక్క నవ్వలేదు. “తప్పు నాది మామా. నంబర్లు ఎక్కించే మనిషికి ఒక్క తలుపు చాలు. అన్ని తలుపులూ తెరుచుకునేటట్ల రాసింది నేనే. మూడు రోజులు ఆగండి.”

ఆ మూడు రోజులూ ఆ ఫైల్లో ఎవరు ఏది చూడొచ్చో ఒక్కొక్కటే రాసింది. ఎవరి పాస్‌వర్డు వాళ్ళది, లోపలికి పోవాలంటే తన ఫోనుకు అప్పటికప్పుడు వచ్చే నంబరు కూడా కొట్టాల, ఎవరు ఏది చూసినా పేరు పడుతుంది. “ఇందులో అత్తలు, అల్లుళ్ళు లేరు నరసమ్మా. మనిషి పేరు, ఆ మనిషి పని. ఈ ఫైలుకు వరసలు తెలియవు. ఇప్పుడు నువ్వే ఆ దొంగ అల్లుడివి, ఎట్లయినా లోపలికి రా చూద్దాం” అనింది. కసిగా కూర్చున్నాను. ఎక్కడా దారి దొరకలేదు. చివరికి పైన అడ్రసు గీతలో నా గొర్రె నంబరు చెరిపి ఓబులమ్మ గొర్రె నంబరు కొడితే ఆమె పేజీ వచ్చేసింది. “అక్కా, ఇక్కడ తడిక మరిచినావ్!” ఆమె ఎగిరి గంతేసి నన్ను కావలించుకుంది. “ఇదే, ఇదే నాకు కావాల్సింది!” అని ఆ సందు కూడా మూసేసింది.

నాలుగో రోజు రోశయ్య మామ నా పేరుతో నన్నే లోపలికి పోనిచ్చి, పక్కన నిలబడి, ఇది నొక్కు అది నొక్కు అని చూసినాడు. బిళ్ళల నంబర్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆయన ఇంకా మీసం దువ్వుకుంటుండగానే ఓబులమ్మ వదిన ముందుకొచ్చి నా ఎదురుగా కూర్చుంది. “నా మూడు గొర్రెలు మళ్ళీ ఎక్కించు నరసమ్మా. నువ్వే ఎక్కించాల.” నాకు అక్షరాలు కనపడలేదు, కళ్ళు నిండిపోయినాయి.

కరుణక్క ఇప్పుడు మార్కాపురంలో పలకల వ్యాపారులకు ఇట్లాంటిదే రాస్తోంది. రాసినది ముందు నాకు పంపి, సందులు వెతకమని “అల్లుడా, రా” అంటుంది. ఇప్పటికీ ఎవరైనా అత్తా అని ఫోను చేస్తే తిన్నావా నాయనా, పిల్లలు బాగుండారా అని అన్నీ అడుగుతాను, తాళం మాట మాత్రం ఎత్తనీయను. విన్నారు కదా, ఇక లేవండి. మిమ్మల్ని వరస పెట్టి పిలిచే నోళ్ళన్నీ నిజమైనవి కావాల, మీ తడిక మీ చేతిలోనే ఉండాల, మీ ఇల్లూ మీ మందా చల్లగుండాల.