నలభై మణుగులకు నాలుగు

మాచెర్లలో రైలు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ మాడు పగలగొడుతోంది. ఎక్కడెక్కడో తిరిగి చివరికి సొంత పలనాట్లోనే పోస్టింగు పడింది. ఏటికి అవతల నిజాం రాజ్యం, ఇవతల గుట్టమీద మా చౌకీ. గుట్టమీద చుక్క నీళ్లు లేవు. జీపు వెనక ట్రైలరు తగిలించి, మాచెర్ల నుంచి నీళ్లడబ్బాలు చేరవెయ్యాలి. భుజాన తుపాకి ఉందన్న మాటేగానీ నాది కావడి మోసే పనే.

మా హవల్దారుది చిత్తూరు. మొదటిరోజే చెప్పాడు: "ఒక్క డబ్బా ఒలక్కుండా చేర్చు. సెలవిస్తా."

రొంపిచెర్లలో నా పెళ్లాం నీళ్లాడి నెలయింది. ఆడపిల్ల. ఇంకా మొహం చూళ్లా. నాకు ఆ సెలవు కావాలి, అంతే.

డ్రైవరుది బొల్లాపల్లి. నాలాగే ఎద్దుబండి తోలి పెరిగినోడు. ఇద్దరం కలిసి డబ్బాలన్నీ ట్రైలరు వెనక్కి సర్దాం. ఎందుకంటారా? ఎద్దు మెడమీద బరువు పడగూడదని చిన్నప్పట్నుంచీ మాకు నూరిపోశారు. జీపుకి మెడ లేదన్న సంగతి ఇద్దరికీ తట్టలా. ట్రైలరు ముక్కు ఎత్తి కొక్కేనికి తగిలిస్తుంటే పుల్లలా లేచింది.

"ఎంత తేలిగ్గా ఉందిరా!" అని మురిసిపోయాం.

మా చౌకీ వంటాయన, మంచి లావాటి మనిషి, డబ్బాల మీదెక్కి కూచున్నాడు. దారిలో దిగుడు తగిలింది. ట్రైలరు తోకాడించడం మొదలెట్టింది. "ఒరేయ్, ఆపండ్రోయ్!" అన్న కేక ఒకసారి కుడిపక్క నుంచి వినబడింది, ఒకసారి ఎడమపక్క నుంచి. ఆఖరికి మిరపచేలోంచి వినబడింది.

హవల్దారు వచ్చి చూశాడు. నవ్వలా.

"నలభై మణుగుల బండికి నాలుగు మణుగులు ముక్కుమీద ఉండాల. తక్కువైతే తోకాడిస్తాది, ఎక్కువైతే జీపు మూతి పైకి లేస్తాది. తూచుకోని రాండి. ఈసారి ఒలికిందా, సెలవు మాట మర్చిపో."

మాచెర్లలో మిరపకాయల సాయిబు కొట్టుకెళ్లాం. ట్రైలర్ని చదునుగా నిలబెట్టాం. కాటా కింద రాళ్లు పేర్చి, జీపు కొక్కెం ఎంత ఎత్తుంటే అంత ఎత్తుకు లేపి, ముక్కు దానిమీద ఆనించాం. వంటాయన ఎక్కాడు.

"ఎంత చాచా?"

"రెండే."

డబ్బాలు ముందుకు జరిపాం. మూడయింది. వంటాయన్ని కూడా ముందుకు జరిపాం.

"బస్, నాలుగు! ఇంక కదలమాకయ్యా" అన్నాడు సాయిబు.

పాపం, వంటాయన నిజంగానే కదల్లా. దారంతా బొమ్మలా కూచున్నాడు. కందిరీగ ముక్కుమీద వాలినా చెయ్యెత్తలా, కళ్లొక్కటే తిప్పాడు. ట్రైలరు జీపు వెంట బుద్ధిగా వచ్చింది. ఒక్క చుక్క ఒలకలా. హవల్దారు మాట తప్పలా.

రొంపిచెర్ల చేరేసరికి దీపాలు పెట్టే వేళ. నా పెళ్లాం పిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. రెండున్నర వీశెలుంటుందేమో. ఊపిరి బిగబట్టి నిలబడిపోయా.

"ఏందయ్యా, అట్టా బిగుసుకుపోయావు? పిల్లేగా!"

"ఉండవే. కదిలితే తూకం తప్పుద్ది."

అంతలో పిల్ల నా మీసం గుప్పెట్లో పట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగినయ్, నొప్పికో సంతోషానికో. కదల్లేదు మాత్రం. ఆ తర్వాత చానా ఊళ్లు తిరిగా, చానా మంది పేర్లు మర్చిపోయా. ఆ గుప్పెట మటుకు ఇంకా మీసం వదల్లా.