పంపు ఒంటిమీది నంబరు

మా ఆఫీసులో అక్కయ్య పనేమిటో మొదటి రెండేళ్లు నా బుర్రకెక్కలేదు. నేను ప్రోగ్రాములు రాస్తాను. వాటినెలా వాడాలో ఆవిడ రాస్తుంది. చేసిందంతా నేనైతే, దాని గురించి నాలుగు ముక్కలు రాయడానికి ఇంకో మనిషి, ఇంకో కుర్చీ ఎందుకని లోలోపల సణుక్కునేవాణ్ణి. అప్పట్లో నాకు పొగరు కాస్త ఎక్కువే.

ఏది చూపించినా ముందు "అదేంటి?" అని అడుగుతుంది కాబట్టి ఆవిడకి అదేంటక్కయ్య అని పేరు పెట్టాం. పెట్టింది నేనే అని ఆవిడకి తెలుసు. తెలిసీ నా ప్రోగ్రాముల్లో తప్పులు పదిమంది ముందు చెప్పకుండా, పక్కకి పిలిచి చెప్పేది.

ఆ ఏడాది నేను ఊరికి నీళ్లు తోడే పంపుహౌసు కోసం ఒక టూలు చేశాను. అక్కడ ఆరు పంపులున్నాయి. ఏ పంపులో ఏ భాగం ఎప్పుడు మార్చారో మేస్త్రీ రిజిస్టరులో రాస్తాడు, గుమస్తా దాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తాడు. ఆ రికార్డుల్ని అడిగి తెచ్చుకునే దారే నా ఏపీఐ. పంపు నంబరూ తేదీలూ ఇస్తే చాలు, జరిగిన మార్పులన్నీ వరసగా తెచ్చి ముందు పెడుతుంది.

"రెండు పేజీలు రాసి పడెయ్యక్కా" అన్నాను. ఆవిడ రెండు వారాలైనా ఇంకా రాస్తూనే ఉంది.

ఈలోగా నాలుగో పంపులో బేరింగు కాలిపోయింది. పంపుహౌసు ఇంజనీరు నా టూలుతోనే రికార్డు తీశాడు. నాలుగో పంపుకి నలభై రోజుల కిందటే కొత్త బేరింగు వేసినట్టు, వేసింది మేస్త్రీయేనని వచ్చింది. కొత్త బేరింగు నలభై రోజుల్లో కాలదు. అంటే వెయ్యకుండానే వేసినట్టు రాశాడన్నమాట. ముప్ఫై ఏళ్లుగా ఆ పంపుల మధ్య బతికిన మనిషి చేతిలో గురువారం మెమో పెట్టారు. సోమవారంలోగా సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే సస్పెన్షను.

"నా చేతుల్తో వేశాను సార్" అని మొత్తుకున్నాడట. ఎవరు వింటారు? నాకూ పాపం అనిపించింది. కానీ నా టూలు అబద్ధం చెప్పదన్న గర్వం లోపల ఉండనే ఉంది. దానికిప్పుడు సిగ్గుపడుతున్నాను.

శుక్రవారం సాయంత్రం ఏదో సందేహం తీర్చమంటే అక్కయ్య ఇంటికి వెళ్లాను. ఆవిడ రాసిందేదైనా ముందు వినేది వాళ్ల అత్తగారని అప్పుడే తెలిసింది. ఆ పెద్దావిడ కంప్యూటరు ముట్టుకుని ఎరగదు. ఇరవై ఏళ్లు బట్టలు కుట్టే కొట్టు నడిపి, ఇప్పుడు వంటింటి బల్ల దగ్గర కూర్చుని కూరలు తరుగుతోంది. కోడలు స్టవ్ దగ్గర నిలబడి చదువుతుంది. కత్తి ఆగిందంటే వాక్యంలో తేడా ఉన్నట్టే.

"నాలుగో నంబరు పంపు రికార్డులు కావాలంటే, నంబరు గడిలో నాలుగు అని ఇవ్వాలి" అని చదివింది అక్కయ్య.

కత్తి ఆగింది.

"ఆ నాలుగు ఎక్కడ రాసుంటుందే?"

"గోడమీద అత్తయ్యా. పంపు పైన రేకు కొట్టి ఉంటుంది."

"మరి ఆ పంపు తీసేసి ఇంకోటి పెడితే?" అంది పెద్దావిడ. "మా కొట్లో కిటికీ పక్కది మూడో మిషను. అది మొరాయిస్తే వెనకదాన్ని తెచ్చి అక్కడ పెట్టేవాళ్లం. అప్పట్నుంచి అదే మూడోది. బాగుచేయించింది వెనక మూలకి పోయేది. ఫలానా నెలలో మూడో మిషను బాగుచేయించామంటే, అది ఏ మిషనో నాకే గుర్తుండేది కాదు."

అక్కయ్య నా వైపు చూసింది. నేను పొయ్యిమీది గిన్నె వైపు చూశాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం పంపుహౌసుకి వెళ్లాం. మేస్త్రీ స్టూలు మీద కూర్చుని సంజాయిషీ రాస్తున్నాడు. "గౌరవనీయులైన" అన్నదగ్గరే పెన్ను ఆగిపోయింది.

"బాబాయ్, రిపేరుకి తీసిన పంపుని మళ్లీ దాని చోటే పెడతారా?" అని అడిగింది అక్కయ్య.

"అదెలా కుదురుతుందమ్మా? నీళ్లు ఆగకూడదు కదా. తీసిన చోట అప్పటికప్పుడు స్పేరు పంపు ఎక్కించేస్తాం. బాగుచేసింది తర్వాత ఎక్కడ ఖాళీ అయితే అక్కడికి పోతుంది."

"మరి నాలుగులోంచి తీసి మీరు బేరింగు వేసిన పంపు?"

"రెండులో లక్షణంగా తిరుగుతోంది. ఆ మాటే సారుకి చెప్పబోయాను. రికార్డులో లేని కబుర్లు చెప్పకన్నాడు."

ఆయన లేచి రెండో పంపు దగ్గరికి వెళ్లాడు. పోతపోసిన ఇనుము మీద చెక్కిన అంకెల్ని రంగు పూర్తిగా కప్పేసింది. బొటనవేలితో తడిమి ఏడంకెలూ చెప్పాడు. రిపేరు చేసినప్పుడల్లా ఆ నంబరు రిజిస్టరులో ఓ మూల రాస్తూనే ఉన్నాడట. గుమస్తా ఎక్కిస్తూనే ఉన్నాడు. నా టూల్లో దానికొక గడి కూడా ఉంది. ఎవరికి కావాలిలే అని ఎవరికీ చెప్పనిది నేనే.

లాప్‌టాప్ తెరిచి ఆ నంబరుతో అడిగాను. కొత్త బేరింగు, నలభై రోజుల కిందట, మేస్త్రీ పేరు. నాలుగులో కాలిపోయిన పంపు నంబరూ ఆయన చేతే చదివించి అడిగితే, పదకొండేళ్లుగా దానికి బేరింగే మార్చలేదు.

అక్కయ్య ఆ స్టూలు మీదే కూర్చుని మొదటి పేజీ తిరగరాసింది. "గోడమీది నంబరు చోటుది. యంత్రం చరిత్ర కావాలంటే దాని ఒంటిమీది నంబరుతో అడగండి." కింద ఈ రెండు పంపుల్నే ఉదాహరణగా ఇచ్చింది.

సోమవారం ఇంజనీరు ఆ పేజీ చదివి, రెండు నంబర్లూ తనే కొట్టి చూసుకున్నాడు. "ఆ గడి సంగతి చెప్పకపోవడం నా తప్పు సార్" అన్నాను. ఆయన మేస్త్రీ దగ్గర మెమో తీసుకుని చింపేసి, తలొంచుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు.

"నేను చెప్తే నమ్మలేదు, నువ్వు రాస్తే నమ్మారు చూశావా తల్లీ" అన్నాడు మేస్త్రీ.

"నేను రాసింది మీరు చెప్పిందే కదా బాబాయ్."

ఆయన ఆ పేజీ వైపు చూపించి, "ఆ కాగితం నాకొకటివ్వమ్మా. మా ఇంటావిడ మూడ్రోజులుగా సరిగ్గా అన్నం తినట్లేదు" అన్నాడు.

పరుగున వెళ్లి ప్రింటు తీసుకొచ్చాను. మేస్త్రీ దాన్ని నాలుగు మడతలు పెట్టి, మొన్న మెమో పెట్టుకెళ్లిన జేబులోనే పెట్టుకున్నాడు.