ప్యోటర్ గారి పళ్ళతో గచ్చిబౌలి దాటడం

బంద్ రోజుల్లో మా ఆఫీసు క్యాంటీన్‌లో కొబ్బరి చట్నీ పలచబడుతుంది. ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియదు, ఫిర్యాదు తీసుకునేవాడు కూడా ఆ రోజు రాడు. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. ఒక శుక్రవారం అలాంటి చట్నీతోనే ఇడ్లీ తిని, ఒక పోలండ్ దేశస్థుణ్ణి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళడానికి బయలుదేరాను.

ఆయన పేరు ప్యోటర్, మా మేనేజరు ఎవా గారి భర్త. పోలిష్ తప్ప మరో భాష రాదు. వచ్చే వారం వాళ్ళ దేశంలో కూతురి పెళ్ళి. కాఫీ, సిగరెట్లు కలిసి ఆయన పళ్ళను పాత సున్నపు గోడలా చేశాయి, అందుకని ఏ ఫొటోలోనూ నోరు తెరవడు. పెళ్ళి ఫొటోలో మాత్రం నాన్న నవ్వి తీరాలని కూతురు కోరింది.

అంతకుముందు వాళ్ళు ఐర్లండ్‌లో ఉండేవారు. పళ్ళు తెల్లబరచడానికి అక్కడ చెప్పిన ధర విని ఉన్న నవ్వు కూడా పోయిందట. అక్కడి పోలిష్ వాళ్ళు చాలామంది పంటినొప్పిని దాచుకుని, సెలవుల్లో సొంత ఊరికి వెళ్ళి చూపించుకుంటారని ఎవా గారు చెప్పారు. హైదరాబాదులో ధర చాలా తక్కువ. కాకపోతే పోలిష్ తెలిసిన డాక్టరు దొరకడు. నేను ప్రాజెక్టు పని మీద క్రాకోవ్‌లో కొన్ని నెలలు ఉన్నాను కాబట్టి నన్ను దుబాసీగా పంపారు. నా పోలిష్ ట్రాము టిక్కెట్టుకూ సూపుకూ సరిపోతుంది. పళ్ళ ప్రస్తావన ఎప్పుడూ రాలేదు.

తొమ్మిదిన్నరకు గోపన్‌పల్లిలో కారెక్కాం. డ్రైవరు యాదగిరిది మెదక్ వైపు. బంద్ కనక కిరాయి రెట్టింపన్నాడు. అద్దం మీద జై తెలంగాణ స్టిక్కరు ఉంది కనక న్యాయమే అనిపించింది. నాది తెనాలి అని నా రెండో వాక్యంలోనే కనిపెట్టేశాడు.

“సార్, తొవ్వల ఎవలన్న ఆపితె మీరు మాట్లాడకుండ్రి. నేను జెప్త.”

“ఎందుకండీ?”

“గిదిగో, గీ అండీతోనే దొరుకుతరు.”

వెళ్ళేటప్పుడు ఎవరూ ఆపలేదు. మామూలుగా గంట పట్టే దారి ఇరవై నిమిషాల్లో అయిపోయింది. క్లినిక్ హైటెక్ సిటీ వెనక వీధిలో ఉంది. బంద్ రోజు షట్టరు సగం దించి ఉంచుతారు, లోపల పని యథాప్రకారం సాగుతుంది. ఆరడుగుల ప్యోటర్ వంగి లోపలికి వెళ్ళాడు. నడుము నొప్పి ఉన్నవారు బంద్ లేని రోజు చూసుకోవడం మంచిది. క్లీనింగుతో కలిపి తొమ్మిది వేలన్నారు. వేరే పేషెంట్లు లేకపోవడంతో ఎనిమిదికి దిగారు.

కుర్చీలో ఉన్నది ప్యోటర్ అయినా, మన పద్ధతి ప్రకారం డాక్టరమ్మ ప్రశ్నలన్నీ వెంట వచ్చిన నన్నే అడిగింది. చల్లనివి తాగితే పళ్ళు జివ్వుమంటాయా, రోజుకెన్ని సిగరెట్లు? మొదట్లో అనువదించాను, తరవాత నేనే జవాబులు చెప్పసాగాను. ప్యోటర్ నోరు తెరుచుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

పని బాగా కుదిరింది. అద్దం చేతికిస్తే చాలాసేపు చూసుకున్నాడు, తిరిగి ఇవ్వడం మరిచిపోయాడు. అప్పుడు డాక్టరమ్మ అసలు షరతు చెప్పింది. రెండు రోజులు రంగున్నదేదీ నోట్లో పెట్టకూడదు: టీ, కాఫీ, టమాటా, అన్నిటికంటే ముఖ్యంగా పసుపు.

“పసుపు పట్టిందంటే పెళ్ళికి మళ్ళీ పాత పళ్ళేనండీ,” అంది.

పసుపుకు పోలిష్ మాట తెలియక, గోడ మీది పసుపుపచ్చ క్యాలెండరు చూపించి నా నోరు గట్టిగా మూసుకున్నాను. ఆయన పెళ్ళి ప్రమాణం చేస్తున్నంత గంభీరంగా తల ఊపాడు.

ఒంటిగంటకు తిరుగు ప్రయాణం. గచ్చిబౌలి చౌరస్తాలో దారి మూసేశారు. నడిరోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది: రాళ్ళ పొయ్యిలు, పెద్ద పెద్ద గుండిగలు, బంతుల్లో కూర్చుని తింటున్న జనం. ఆగిన బండ్లవాళ్ళు కూడా దిగి నాలుగు ముద్దలు తిని కదలాలి. తిన్నవాడు ఉద్యమం వైపు ఉన్నట్టు లెక్క. ఆ రోజు పులిహోర. వంటవాళ్ళు పసుపు దగ్గర ఏమాత్రం పొదుపు చేయలేదు.

యాదగిరి కారు పక్కన పెట్టి వచ్చేలోపే మమ్మల్ని బంతిలో కూర్చోబెట్టారు. వడ్డిస్తున్న పెద్దావిడ గరిటె ప్యోటర్ విస్తరి మీదికి వచ్చింది. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తినడం ఆపి మా వైపు తిరిగారు. నాకు తెలుగు వచ్చు, కానీ ఆ పూటకు రాదు. యాదగిరి పరుగున వచ్చి, కారులో నేను చెప్పిన బిడ్డ పెండ్లి సంగతీ, ఎనిమిది వేల సంగతీ, పసుపు తగిలితే జరిగేదీ విడమరిచి చెప్పాడు.

ఆవిడ ప్యోటర్‌ను నోరు తెరవమని సైగ చేసింది. తెరిచాడు. బంతి మొత్తం వంగి చూసింది.

“మంచిగనే జేసిండ్రు,” అని తీర్పిచ్చి, ఆవిడ ఉత్త అన్నం, పెరుగు తెప్పించింది. ప్యోటర్ చేత్తో కలుపుకుని తిన్నాడు. ఎవరో ఫోను పైకెత్తి ఫొటో తీస్తుంటే, దాచుకోకుండా నవ్వాడు కూడా.

ఈ దారిన వెళ్ళదలచినవారికి మొత్తం మీద చెప్పదగినది ఇంతే: పని నమ్మకమైనది, ధర అందుబాటులో ఉంది, భోజనం ఉచితం.

ఆ తరవాత గరిటె నా వైపు తిరిగింది. ఫోను కూడా తిరిగింది. సోమవారం ఆఫీసులో మా వైపువాళ్ళు ఆ ఫొటో చూస్తే ఏమంటారో తలచుకుని, విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టి, నోరు విప్పకుండా తల అడ్డంగా ఊపాను.

ఆవిడ గరిటె అలాగే పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

“పండ్లు కడిగిచ్చుకున్నది ఆయన. నువ్వెందుకు తింటలేవు?”