బావ కారుకి అంటిన రేగడి

మంగళవారం రెండో పీరియడు నడుస్తుండగా మా బడి వరండాలోకి ఒక ముసలి రైతు వచ్చి నిలబడ్డాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. చాలా ఏళ్ళ కిందట మా బావ దగ్గర గిత్తల జత కొన్న మనిషి ఆయన. పర్చూరు అవతల నుంచి గుంటూరు దాకా బస్సులు మారి ఎందుకొచ్చాడో, చేతిలో ఆ తలపాగా చూడగానే అర్థమైపోయింది.

"మీ బావగారు తెల్లారగట్ల పోయారమ్మా. నిద్దట్లోనే. టెలిగ్రాం కొడదామన్నారు. వద్దులే, ఆ అమ్మాయికి నేనే పోయి చెబుతానన్నా," అన్నాడు.

బావ అంటే మా అక్క భర్త. ఊరంతా గారు తగిలించి పిలిచే మనిషిని నేను మాత్రం ఒట్టి బావా అనే పిలిచాను, నువ్వనే అన్నాను. ఇక్కడా అలాగే రాస్తాను. ఆయన నన్ను పంతులమ్మా అనేవాడు. నేను బడిపంతులమ్మని కావడానికి చాలా ముందు నుంచే అనేవాడు. అక్క పెళ్ళిలో పీటల మీద కూర్చుని ఆయన చదివింపుల పేర్లు తప్పు పలికితే దిద్దానట. పన్నెండేళ్ళ పిల్లని.

ఆయన గొప్పలు చెప్పడానికి కాదు ఇది రాస్తున్నది. గొప్పలు ఆయనకి గిట్టవు. ఏడేళ్ళుగా ఆయన నెత్తిన ఒక నింద ఉంది. అది ఆయనది కాదు. ఆయన ఉండగా ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడన్నా చెప్పకపోతే నాకు తిన్న అన్నం వంటబట్టదు.

బావకి మిరప, పత్తి కలిపి పన్నెండు ఎకరాల నల్లరేగడి ఉండేది. వాన పడ్డాక చేలోకి దిగేముందు ఒక మట్టిపెడ్డ తీసి వేళ్ళ మధ్య నలిపి, "ఇంకా రెండు రోజులు రానివ్వదు" అనేవాడు, మట్టి ఏదో తనతో చెప్పినట్టు. ఒంగోలు గిత్తల జత ఆయన ప్రాణం. తిరునాళ్ళల్లో బండలాగుడు పందేలకి తీసుకుపోయేవాడు. వాటికి ఉలవలు ఉడికించి పెట్టేది మా అక్క. తనకి జ్వరమొచ్చినా వాటి కుడితి మాత్రం ఒకరికి అప్పజెప్పేది కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను గుంటూరులో టీచర్ ట్రైనింగుకి చేరి హాస్టల్లో ఉన్నాను. అక్క దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. "మీ బావ మూడు నెలలుగా వారం వారం గుంటూరు వస్తున్నాడు. ఏం పని అంటే మిరపకాయల ధర కనుక్కోడానికంటాడు. ఇంటికొచ్చాక దిక్కులు చూస్తూ కూర్చుంటాడు. అడిగితే నవ్వుతాడు. నువ్వు కాస్త కనిపెట్టి చూడవే. ఏదున్నా దాచకుండా రాయి." కన్నీళ్ళు పడి నాలుగు చోట్ల సిరా అలుక్కుపోయింది.

శనివారం బస్టాండులో కాపు కాశాను. బావ దిగాడు. ఇస్త్రీ పంచె, తలకి నూనె. ఆయన మార్కెట్టు వైపు పోలేదు. పొగాకు కంపెనీ దొరల బంగళాలున్న వీధిలోకి తిరిగి, ఒక ప్రహరీ దగ్గర నిలబడి లోపలికి చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపని చూస్తాడు? ఓపిక పోయి వెనక నుంచి వెళ్ళి నేనూ తొంగిచూశాను. లోపల వేపచెట్టు కింద ఒక కారు. ముదురాకు పచ్చ. పొడుగాటి ముక్కు, రెండే సీట్లు, నెత్తిన గుడ్డ కప్పు, సైకిలు చక్రాలకున్నట్టు ఊచల చక్రాలు. నేల మీద పాకుతున్నట్టుంది.

"ఇదా నీ రెండో సంసారం?" అన్నాను.

బావ ఉలిక్కిపడి తిరిగాడు. తర్వాత సిగ్గుపడ్డాడు. అక్క పెళ్ళిచూపుల్లో కూడా అంత సిగ్గుపడలేదు. "స్పోర్ట్స్ కారంటారంట పంతులమ్మా. ఆ దొర వాళ్ళ దేశం పోతన్నాడు, అమ్ముతాడంట. ఒక్కసారి స్టార్టు చేసి వినిపించాడు. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టట్లా," అన్నాడు. దొర పేరెత్తినప్పుడు గొంతు తగ్గించాడు, గుళ్ళో మాట్లాడినట్టు.

అక్కకి రాశాను. సవతి ఉన్న మాట నిజమేననీ, దానికి నాలుగు చక్రాలున్నాయనీ. అది చదివి అక్క పగలబడి నవ్విందట. తర్వాత ఆయన గిత్తల జత అమ్మి ఆ కారు కొంటానన్నప్పుడు మాత్రం నవ్వలేదు. మూడు రోజులు వాదించింది. నాలుగో రోజు, "మూడు నెలలు గోడ పట్టుకుని నిలబడ్డావు. నా కోసం మూడు గంటలు కూడా నిలబడలేదుగా. కొనుక్కో పో," అంది. గిత్తల్ని తోలుకుపోతుంటే డొంక మలుపు దాకా వెనకే నడిచింది. ఆ కొన్న రైతే మొన్న మా బడికొచ్చిన మనిషి.

ఊరి నుంచి కంకర రోడ్డు దాకా రెండు మైళ్ళు మట్టి డొంక. రేగడి ఎండితే సిమెంటు, తడిస్తే బంక. ఆ సంగతి బావకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకని ఒక నియమం పెట్టుకున్నాడు. తొలకరి మబ్బు కనపడిన రోజు నుంచి నేల గట్టిపడేదాకా కారు ఊళ్ళోకి రాదు. రోడ్డు పక్కన స్నేహితుడి పొగాకు ఆరబెట్టే బ్యారన్ లో ఉంటుంది. నేల ఆరాకే ఇంటికి. కారొస్తుంటే ఊళ్ళో ఆడవాళ్ళు పొయ్యి మీద కూర వదిలేసి వీధిలోకొచ్చేవాళ్ళు. ఎదురుగా ఎద్దుల బండి వస్తే బావ కారు పక్కకి దించి ఇంజను ఆపేసేవాడు, ఎడ్లు బెదురుతాయని. అవి దాటిపోయేదాకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. "వాటికి నోరు లేదు. మనకుంది. ఉన్నోళ్ళమే ఆగాలి," అనేవాడు. తుడవడానికి చీరాల పంచెలు చింపేవాడు. పాతవి కాదు. అక్క తిట్టేది.

అక్క మొదటిసారి ఎక్కిన రోజు నేనూ ఉన్నాను. రెండే సీట్లు గదా, గట్టు మీద నిలబడి చూశాను. కాళ్ళు బారజాపుకుని, "ఏమే, పీటేసుకుని నేల మీద కూర్చున్నట్టుందే!" అని అరిచింది. అద్దంకి దాకా పోయి వచ్చారు. జుట్టంతా రేగిపోయి, మొహం దుమ్ము కొట్టుకుపోయి, దిగడానికి ఒప్పుకోలేదు. "ఇంకొక్కసారి" అంది. అక్క నవ్వు అంటే నాకు గుర్తొచ్చేది ఆ రోజుదే.

ఇక ఆ మాఘమాసం సంగతి. ఏడేళ్ళ కిందటిది.

నేను సెలవుకి అక్క దగ్గరికి వెళ్ళాను. మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉన్నాయి. ఎండాకాలం తలుపు తడుతున్న రోజులు, వాన రాకూడని కాలం. కారు ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం ఒక్కసారిగా మబ్బు కమ్మి వాన దంచింది. ఊరు ఊరంతా కల్లాల మీద పడింది. మేమూ పరిగెత్తాం. కాయలు కుప్ప చేసి, తాటాకు చాపలు కప్పుతున్నాం. అరగంటలో వాన వెలిసింది. అక్క ఒక చాప ఎత్తింది. ఎత్తి, "పురుగు ముట్టిందే" అంది. మా వైపు పాము కరిచిందని అనరు. నేను దాన్ని చూశాను. నాగుపాము.

చీరాల ఆసుపత్రిలో విషానికి విరుగుడు సూది మందుంటుందని నాకు తెలుసు. నలుగురూ మంత్రగాడి కోసం మనిషిని పంపుతుంటే నేను గట్టిగా అరిచి ఆపించాను. అంతవరకూ నేను చేసింది మంచిదే. బావ అక్క కాలికి పైన గుడ్డ కట్టి, వీధిలోకి వచ్చి, వంగి మట్టి తీసి నలిపాడు. తలెత్తి, "రేగడి తడిసింది. కారు పోదు. బండి కట్టిద్దాం. పక్కింటోళ్ళ ఎడ్లు చేలో ఉన్నాయి, పిలవండి," అన్నాడు.

అప్పుడు నేనన్న మాట ఇది. ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"ఇన్నాళ్ళూ షికార్లకి పనికొచ్చింది, ఇవాళ మా అక్క ప్రాణానికి పనికిరాదా బావా నీ కారు? బురదవుతుందనా?"

ఆయన నన్ను చూశాడు. అక్క అరుగు మీద స్తంభానికి ఆనుకుని ఉంది. రెప్పలు వాలుతున్నాయి. బావ చేతిలో మట్టిపెడ్డ కింద పడేసి కారు తీశాడు. అక్కని నేనే ఎక్కించాను. నేనే తలుపు వేశాను.

మైలు దూరం కూడా పోలేదు. నేను వెనక పరిగెడుతూ చూస్తూనే ఉన్నాను. బండి చాళ్ళలో చక్రాలు దిగాయి, కారు కడుపు నేలకి ఆనింది. చక్రానికీ పైన రేకుకీ మధ్య రేగడి కూరుకుపోయి చక్రం తిరగడం మానేసింది. బావ తన పక్క, నేను అక్క కూర్చున్న పక్క మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తోడాం. తోడేకొద్దీ వచ్చింది. లోపల అక్క ఏదో చెప్పబోయింది, మాట ముద్దైపోయింది. అప్పుడు అవతల వైపు నుంచి గిత్తల మువ్వలు వినిపించాయి. చేల మీదుగా కబురు తెలిసి, గిత్తలు కొన్న ఆ రైతు బండి తోలుకొస్తున్నాడు. అవి మా గిత్తలే. బావ గొంతు విని అవి తోలకుండానే ఉరికాయి. అక్కని చేతుల మీద బండిలోకి మార్చాం. కంకర రోడ్డు కనపడుతుండగా అక్క పోయింది. బండే మొదట కట్టి ఉంటే, ఆ పాటికి మేము రోడ్డు మీద బస్సులో ఉండేవాళ్ళం.

సాయంత్రానికి మా నాన్న వచ్చాడు. జనం అందరి ముందూ అల్లుడి చొక్కా పట్టుకున్నాడు. "రేగట్లో పుట్టినోడివి, తడి నేల మీద కారు తీస్తావా? నీ కారు పిచ్చికి నా బిడ్డని బలిపెట్టావు గదరా!"

నేను తలుపు పక్కన ఉన్నాను. చేతుల నిండా ఎండిన బురద. ఒక్క మాట అంటే సరిపోయేది. బావ నా వైపు ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

"తప్పయిపోయింది మామయ్యా. నేనే తీశా," అన్నాడు.

నేను నోరు మెదపలేదు. భయం. నాన్న నన్నలా పట్టుకుంటే చచ్చిపోతాననుకున్నాను. ఆ రోజు తప్పించుకున్నాను, మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు ఇంకా కష్టమైంది. నెల తిరిగేసరికి ఊళ్ళో అది స్థిరపడిపోయింది. కారు పిచ్చోడు పెళ్ళాన్ని చంపుకున్నాడన్నారు. అల్లరి చేసే మగపిల్లలకి తల్లులు ఆయన్ని చూపించి బుద్ధులు చెప్పేవాళ్ళు. నాన్న ఆయన గడప తొక్కలేదు. నిరుడు నాన్న పోయాడు, బావని క్షమించకుండానే.

బావ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. మళ్ళీ కారెక్కలేదు. అమ్మమని ఎవరడిగినా అమ్మలేదు. నేల ఆరాక ఆ గిత్తలతోనే డొంకలోంచి లాగించి ఖాళీ కొట్టంలో పెట్టించాడని విన్నాను. ఏటా నాకు గుంటూరుకి ఒక సంచి పండుమిరపకాయలు పంపేవాడు, పచ్చడికి. ఉత్తరం ఉండేది కాదు. తొడిమలు తీసి పంపేవాడు, నాకు బడి హడావుడని.

ఒక ఏడు ఆయనే తెచ్చాడు. వాటిని రోట్లో వేసి దంచుతున్నాను. ఉన్నట్టుండి ధైర్యం వచ్చింది. "బావా, ఆ రోజు నేనే కదా..." అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

"చక్రం పట్టింది నేను. నేల సంగతి తెలిసినోణ్ణీ నేనే. చిన్నపిల్లవి, కంగారులో అన్నావు. నేను వినకుండా ఉండాల్సింది," అన్నాడు. లేచి, "మిరపకాయలు ముట్టిన చేత్తో కళ్ళు నలుముకోకు పంతులమ్మా, మండిపోతాయి," అని చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతుల మీద పోశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు.

బావ శవం లేచాక మొన్న ఆ కొట్టంలోకి వెళ్ళాను. నిజం చెప్పాలంటే, కారుని చూడడానికి కాదు, ఇంట్లో ఉండలేక. తలుపు తీస్తే కోడి ఒకటి సీటు మీద నుంచి దూకి పోయింది. గుడ్డ కప్పు చిరిగి వేలాడుతోంది. కానీ పచ్చ రంగు నిగనిగలాడుతోంది. ముక్కు, తలుపులు, దీపాల అద్దాలు, అన్నీ తుడిచి ఉన్నాయి. ఏడేళ్ళూ తుడిచినట్టున్నాడు. డ్రైవరు సీటు మీద మడత పెట్టిన పంచె గుడ్డ ఉంది.

అక్క కూర్చున్న వైపుకి వెళ్ళాను. ముందు చక్రం దగ్గర వంగి చూశాను. అక్కడ ఆయన చెయ్యి పెట్టలేదు. చక్రానికీ రేకుకీ మధ్య ఆ రోజు కూరుకుపోయిన రేగడి అలాగే ఉంది, ఎండి, రాయిలా, బీటలు వారి. మట్టి లోపలి దాకా గీసుకుపోయిన నాలుగు వేళ్ళ జాడలున్నాయి. సన్నటి వేళ్ళు.

నా చెయ్యి అందులో పెట్టాను. సరిగ్గా పట్టింది.