దారం కొరుకుతున్న మనిషి

టైలరమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది. తనను చూసి ఎవరైనా "అయ్యో పాపం" అన్నారంటే ఇక చెప్పక్కర్లేదు. ఆమె మొగుడు ఒక ఉదయం, ఆమె కుట్టిన కొత్త చొక్కాయే తొడుక్కుని, ఇప్పుడే వస్తానని చెప్పి వీధి మలుపు తిరిగాడు. మళ్ళీ రాలేదు. అప్పటికి కూతురికి ఆరేళ్ళు. వీధి వీధంతా వచ్చి గుమ్మంలో నిలబడి జాలిపడింది. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆమె ఒకటే మాట చెప్పింది. "జాలి సంగతి తర్వాత చూద్దాం. కుట్టించుకునేవేమైనా ఉంటే పట్టుకురండి." కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకుంటూనే గుడ్డలు తెచ్చారు.

ఇంటి ముందుగదే కొట్టు. కిటికీ కింద మిషను, పక్కన స్టూలు, గోడకి మేకులు, మేకులకి పేర్లు రాసిన చీటీలతో బడిపిల్లల యూనిఫారాలు, ఆఫీసు చొక్కాలు. మిషను మీద కూర్చుంటే వీపు లోపలి గదివైపు ఉంటుంది. చేతికుట్టు పని వచ్చినప్పుడు మాత్రం స్టూలు వెలుతురులోకి లాక్కునేది. కత్తెర చేతికందేంత దూరంలోనే ఉన్నా దారం పంటితోనే తెంపేది. అలా తెంపీ తెంపీ ముందుపన్ను ఒకదానికి చిన్న నొక్కు పడింది. ఆ నొక్కు చూపించి "ఇదే నా సర్టిఫికెట్టు" అనేది.

కూతురు తొమ్మిదో క్లాసుకి వచ్చిన ఏడాది, బళ్ళో డ్రాయింగు టీచరు చొక్కా గుడ్డతో పాటు ఒక క్యాలెండరు కాగితం కూడా తెచ్చింది. చాలా పేరున్న చిత్రకారుడి బొమ్మ. ఆయన పోయి చాలా కాలమైందట, ఆయన గీత ఒక్కటి ఇంట్లో ఉన్నవాళ్ళు ఏడు తరాలు గొప్పలు చెప్పుకుంటారట. బొమ్మలో కిటికీ పక్కన ఒక ఆడమనిషి స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో మగవాళ్ళ చొక్కా. ఆ చొక్కా అంచులోకి మొహం వంచేసింది. కింద "వియోగం" అని అచ్చేశారు.

"మిమ్మల్ని చూస్తే నాకీ బొమ్మే గుర్తొస్తుందండీ" అంది టీచరు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే. "భర్త చొక్కాలో మొహం దాచుకుని ఎలా ఏడుస్తోందో చూడండి."

టైలరమ్మ ఒక్కసారి చూసింది. "ఏడవడమేమిటండీ? దారం కొరుకుతోంది."

టీచరు నవ్వింది. పాపం ఏడుపు దాచుకుంటోంది అనుకున్నప్పుడు నవ్వే నవ్వు అది. టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ నవ్వే ఆమెను పదిహేనేళ్ళు ఊళ్ళు తిప్పింది.

అసలు చిక్కల్లా క్యాలెండరులో కుడి చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోవడం. కాగితం అక్కడికే సరిపోయిందట. ఆ చెయ్యి పూర్తిగా కనబడితే వేళ్ళ మధ్య సూది ఉంటుందనీ, పంటి నుంచి సూదికి బిగుతుగా దారం ఉంటుందనీ ఆమె నమ్మకం. ఆ ఒక్కటీ కళ్ళారా చూడాలి. ఎవరెన్ని చెప్పినా సరే.

గుడ్డ కత్తిరించే ముందు కొలతలు గీసుకునే పాత న్యూస్‌పేపర్లలో ఆ చిత్రకారుడి ప్రదర్శన ఎక్కడైనా ఉందని కనబడితే చాలు, కొట్టు మూసి బస్సెక్కేది. రైలెక్కేది. ఒకసారి వెళ్ళేసరికి ప్రదర్శన అయిపోయి మేకులే మిగిలాయి. ఒకసారి అన్నీ కొండలూ మబ్బులే. అయినా ఉత్తచేతులతో రాలేదు. ఆయన బొమ్మల్లో అందరూ వెలుగూ నీడా చూస్తే ఈవిడ చంకలూ కాలర్లూ చూసింది. ఒక షావుకారు బొమ్మ ముందు నిలబడి, "ఈ కోటు ఈయనది కాదు, భుజాలు జారిపోతున్నాయి, ఎవరిదో అడిగి తెచ్చుకున్నాడు" అని పక్కనున్న అపరిచితుడికి చెప్పింది. అతను రెండడుగులు పక్కకి జరిగాడు. ఇంకో ఊళ్ళో ఒక ముసలమ్మ బొమ్మలో మోచేతి మీద చిరుగు రఫ్ఫు చేసిన చోటు చూసి గంటసేపు కదల్లేదు. ఆ రఫ్ఫులో పోగులు ఒకదాని కింద నుంచి ఒకటి ఎలా వెళ్తాయో అచ్చం అలాగే వేశాడు మహానుభావుడు. "ఇది ఊహించి వేసింది కాదు, చూసి వేసింది" అని ఆ రోజే తేల్చేసుకుంది. ఆయన మీద ఆమెకి అంత గురి. కానీ తనక్కావలసిన బొమ్మ మాత్రం ఎవరో డబ్బున్నవాళ్ళింట్లో గోడకి బందీగా ఉండిపోయింది.

చివరికి ఆ ఇంటివాళ్ళు దాన్ని ఒక్క నెల కోసం నగరం మ్యూజియానికి ఇచ్చారు. ఆ కబురు తెచ్చింది కూతురే. ఇప్పుడామె ఆ నగరంలోనే ఆఫీసులో పనిచేస్తోంది. తల్లిని తన దగ్గరికి తెచ్చేసుకోవాలని రెండేళ్ళుగా చెవిన ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఈసారి ఊరుకోకుండా మిషను కొనడానికి మనిషిని కూడా మాట్లాడేసింది. ఆదివారం వచ్చి పట్టుకెళ్తాడు.

"నువ్వు పడ్డ కష్టం చాలమ్మా. ఆ బొమ్మ నేను చూపిస్తాను. తర్వాత నా మాట వినాలి."

"నాకేం కష్టమే? నా పని నేను చేసుకున్నాను."

"ఏడవడానికి సిగ్గెందుకమ్మా? నేను చూడలేదా ఏమిటి?"

అంతే, టైలరమ్మ ఒంటికాలి మీద లేచింది. "సరే. ఆ బొమ్మలో మనిషి ఏడుస్తోందని తేలితే మిషను పట్టుకెళ్ళమను. ఏడవట్లేదని తేలితే మళ్ళీ నా దగ్గర ఆ మాటెత్తకు." అన్న తర్వాత నాలిక కరుచుకుంది. కానీ అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు.

మ్యూజియంలో ఆ బొమ్మకి ఒక గది మొత్తం ఇచ్చారు. ముందు తాడు కట్టారు. ఎత్తైన కిటికీలోంచి పగటి వెలుతురు పడుతోంది. టై కట్టుకున్న కుర్ర గైడు ఒకడు పది పన్నెండు మందికి చిలక పలుకులు అప్పజెబుతున్నాడు.

"ఆమె కుడి చెయ్యి గమనించండి. వెళ్ళిపోయినవాణ్ణి అందుకోవాలని శూన్యంలోకి చాచింది."

టైలరమ్మ చెయ్యి చూసింది. మోచెయ్యి పైకి లేచి ఉంది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఉన్నాయి. "అందుకునేవాళ్ళు వేళ్ళు చాపుతారు గానీ ఇలా చిటికెడు పట్టుకుంటారా నాయనా? ఆవిడ దారం కొరుకుతోంది."

జనం తిరిగి చూశారు. గైడు మర్యాదగానే నవ్వాడు. "చాలా బావుందమ్మా. మరి దారమేది?"

ఆమె తాడు దాకా వెళ్ళింది. తాడు మీదికి వంగింది. "అమ్మా, వెనక్కి" అన్నాడు కాపలావాడు. వినిపించుకోలేదు. పంటి దగ్గర్నుంచి వేళ్ళ దాకా అంగుళం అంగుళం వెతికింది. గోడ రంగు ఉంది, వెలుతురు ఉంది. దారం లేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. లేదు.

ముసలమ్మ రఫ్ఫులో ఒక్కొక్క పోగూ వేసినవాడు ఈ ఒక్క పోగు వెయ్యలేదంటే ఏమనుకోవాలి? పదిహేనేళ్ళు తిరిగింది దీనికోసమా? ఆమెకి సిగ్గేసింది, ఏడుపొచ్చినంత పనైంది.

కూతురు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలేమ్మా" అంది మెల్లగా. "ఏడిస్తే ఏడ్చింది. పాపం."

ఆ ఒక్క మాటతో టైలరమ్మ వెన్ను నిటారుగా అయింది. కూతురు కప్పుకున్న శాలువా అంచు ఒకచోట ఊడి వేలాడుతోంది. దాన్ని చేతిలోకి లాక్కుంది. జాకెట్టు మెడ అంచుకి ఎప్పుడూ గుచ్చి ఉంచుకునే దారం ఎక్కించిన సూది తీసింది. కిటికీ కింద బల్ల మీద కూర్చుని, అంచు మడిచి, ఆరు కుట్లు వేసి ముడి బిగించింది. కాపలావాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆమె ఎడంచేత్తో శాలువాని మొహం దగ్గరికి తెచ్చుకుంది. తల వంచింది. కుడి చెయ్యి పక్కకి లాగి, మోచెయ్యి లేపి, అలాగే ఆగిపోయింది.

గదిలో అందరి చూపులూ ఆమె మీంచి గోడ మీదికీ, గోడ మీంచి ఆమె మీదికీ తిరిగాయి. అదే వంపు, అదే మోచెయ్యి, అవే రెండు వేళ్ళు.

తల ఎత్తకుండానే, పళ్ళ మధ్య నుంచే అడిగింది. "ఏం నాయనా, నా దారం కనబడుతోందా నీకు?"

గైడు కళ్ళు చికిలించాడు. ఒక అడుగు ముందుకి వేశాడు. "లేదమ్మా" అన్నాడు చివరికి.

పుటుక్కున కొరికేసి లేచింది. తెగిన దారం అతని అరచేతిలో పెట్టింది. "ఆయనకీ కనబడలేదు. ఆయన చూసింది చూసినట్టే వేశాడు. కనబడనిది వెయ్యలేదు. ఇంతకీ ఏడుస్తోందని ఎవరన్నారు? ఆయనేనా?"

గైడు తల అడ్డంగా ఊపాడు. "ఆయన బొమ్మకి పేరు పెట్టలేదమ్మా. వియోగం అన్న పేరు మొదట కొనుక్కున్నవాళ్ళు పెట్టుకున్నది."

"కొనుక్కున్నవాళ్ళు ఒక్క గుండీ అయినా కుట్టి ఉంటారా?"

జనంలో ఎవరో ఫక్కున నవ్వారు. గైడు మాత్రం నవ్వలేదు. అరచేతిలో దారాన్నీ గోడ మీది చేతినీ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత గుంపుని పక్కగదికి తీసుకెళ్ళాడు.

తల్లీ కూతురూ మిగిలారు. కూతురు శాలువా అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మా, నేను లోపలి గదిలోంచి చూసేదాన్ని. నువ్వు వీపు నావైపు పెట్టి ఇలాగే వంగేదానివి. ఏడుస్తున్నావనుకుని నేను చప్పుడు చెయ్యకుండా తిరిగేదాన్ని. ఆకలేసినా అడిగేదాన్ని కాదు."

పిల్ల ఎందుకంత బుద్ధిగా ఉండేదో టైలరమ్మకి ఇన్నాళ్ళూ తెలియదు. కూతురి చెంప మీద చెయ్యి వేసింది. "పిచ్చిదానా. అడిగి ఉండాల్సింది."

"అయితే నువ్వసలు ఏడవనే లేదా?"

"ఏడవకేం? కడుపారా ఏడ్చాను. కానీ గుడ్డ పక్కన పెట్టి ఏడ్చాను. పరాయివాళ్ళ గుడ్డ. కన్నీళ్ళు పడితే మరక పోదు."

కూతురు ముక్కు ఎగబీల్చింది. తర్వాత సంచిలోంచి ఫోను తీసి, ఆదివారం వస్తానన్న మనిషి నంబరు నొక్కబోయింది.

"ఇక్కడ ఫోన్లు కూడదమ్మా" అన్నాడు కాపలావాడు.

"బయటికెళ్ళి చెప్పు, రావద్దని" అంది టైలరమ్మ. "నేనింకా చూడాలి."